బహ్రెయిన్ చుట్టూ నాలుగు రోజులు

మా బిడ్డ బహ్రెయిన్‌లో కాపురం పెట్టిన ఆరో నెలలో ఫోన్ చేసి, మీరిద్దరూ రండి, కారు ఉంది, బాపు తోలుతాడు, మేం వెనక కూర్చుంటాం అంది. ఆ మాట విన్నాక నా భార్య ఫోన్ నా చేతికి కూడా ఇవ్వలేదు. ఒళ్ళో ఉన్న బీడీల చాట పక్కకు జరిపి, బిడ్డ చదువుకునే రోజుల్లో మిగిలిపోయిన లాంగ్ నోటుబుక్కు ఒకటి వెతికి తెచ్చింది. కొత్త పేజీ తీసి, పైన 'ఒకటో రోజు' అని రాసి, కింద గీత కొట్టింది.

ఆమెకు ఆ దేశం సంగతి నాకంటే బాగా తెలుసు. ఇది వేళాకోళం కాదు. నేను అక్కడ పద్దెనిమిదేళ్ళు ఉన్నాను. ప్రతి శుక్రవారం సెలవు రోజున కోరుట్లకు ఫోన్ చేసి, ఆ వారం ఏ రోడ్డు మీద పోయానో, ఎక్కడ బండి ఆపానో, సముద్రం ఏ రంగులో ఉందో చెప్పేవాణ్ణి. ఆమె ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి చాట పక్కన గోడకు ఆనించుకుని, తునికాకు కత్తిరిస్తూ వినేది. సిరిసిల్లలో పుట్టిన మనిషి. మరమగ్గాలను వాళ్ళు సాంచాలంటారు, ఆ సాంచాల మోతలో పెరిగింది కాబట్టి నేను ఎంత గొణిగినా ఒక్క ముక్క జారిపోనిచ్చేది కాదు. పోయిన నెల ఒకటి చెప్పి ఈ నెల ఇంకోటి చెబితే పట్టేసుకునేది.

అందుకే ఆ నోటుబుక్కు నిండటానికి రెండు రోజులే పట్టింది. ఒకటో రోజు, పాత వంతెన దగ్గర తీగతో అల్లిన పెద్ద పెద్ద చేపల బుట్టలు బాగుచేసే ముసలాళ్ళు. వాళ్ళ పక్కన కూర్చుని మధ్యాహ్నం దాకా చూడాలి. రెండో రోజు, పడమటి ఒడ్డు. అక్కడ మలయాళీ ఆయన టీ కొట్టు. బండి హారన్ కొడితే కప్పు బండి కాడికే వస్తుంది, కానీ మనం దిగి తాగాలి. అదే ఒడ్డున ఇసుకలో కూరుకుపోయిన పగిలిన పడవ. దాని ఎదురుగా 'ఇక్కడ కూసోవాలె' అని రాసి రెండు గీతలు కొట్టింది. మూడో రోజు ఖర్జూరం తోటల పక్క రోడ్డు, దక్షిణాన ఇక ముందుకు పోనివ్వని చోటుదాకా. నాలుగో రోజు తూర్పు ఒడ్డు, నీళ్ళు వెనక్కి పోయినప్పుడు సముద్రంలోకి నడుచుకుంటూ పోయే జాగా.

బిడ్డ ఫోన్లో నవ్వింది. "అమ్మా, దేశం మొత్తం కార్ల మూడు గంటలు గూడ పట్టదే. నాలుగు రోజులేం జేస్తరు?"

"మూడు గంటల్ల తిరిగొస్తే మీ బాపు పద్దెనిమిదేండ్ల ముచ్చట్లు యాడ వడ్తయి? మెల్లగ పోవాలె. ఆగుకుంట పోవాలె," అంది ఈమె.

నేను అరుగు మీద కూర్చుని ఇదంతా వింటున్నాను. లోపలికి పోయి ఫోన్ అందుకోవాలనిపించలేదు. ఎందుకో ఇప్పుడే చెప్పేస్తాను, దాచి లాభం లేదు. నేను ఆ దేశంలో ఒక్క రోజు కూడా బండి తోలలేదు.

డ్రైవర్ పని అనే పోయాను. పోయేముందు కోరుట్లలో నలభై రోజులు జీపు నేర్చుకుని లైసెన్సు కూడా తీసుకున్నాను. అక్కడ దిగాక, అక్కడి లైసెన్సు వచ్చేదాకా ఒక నెల లాండ్రీలో చెయ్యమన్నారు. హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీ. భవనం కింద, నేల లోపల. కిటికీ లేదు. డ్రైవింగ్ పరీక్షలో మూడుసార్లు తప్పాను. నాలుగోసారి నన్నెవరూ పంపలేదు, నేనూ అడగలేదు. ఆ ఒక నెలే పద్దెనిమిదేళ్ళు అయింది. మొదటి శుక్రవారం ఫోన్లో ఆమె "బండి తోలినవా?" అని అడిగింది. తోలిన అన్నాను. ఒక్క మాట. రేపు లైసెన్సు రాగానే అదే నిజమవుతుంది కదా అనుకున్నాను. "ఏమేం జూసినవ్?" అని అడిగింది వెంటనే.

నేను చూసింది ఏమీ లేదు. కానీ మా గదిలో పై మంచం మీద మెట్‌పల్లి ఆయన ఉండేవాడు. నాకంటే పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. మా లాండ్రీ బండి తోలేది ఆయనే. మడతపెట్టిన దుప్పట్లు తీసుకుని ఒడ్డు పొడుగునా ఉన్న హోటళ్ళన్నీ తిరిగి వచ్చేవాడు. వచ్చాక కాళ్ళు మంచం కిందికి వేలాడేసి ఆ రోజు చూసిందంతా చెప్పేవాడు. చెప్పడం అంటే ఆయనకు ప్రాణం. నేను విని, శుక్రవారం దాకా దాచుకుని, కోరుట్లకు చెప్పేవాణ్ణి. కాబట్టి ఆమె నోటుబుక్కులో ఉన్న రోడ్డు అబద్ధం కాదు. దాని మీద నేను లేను, అంతే.

వీడియో కాల్ వచ్చాక ఇంకా దిగజారాను. శుక్రవారం పొద్దున ఆయన దగ్గర తాళంచెవి అడుక్కుని, మేం ఉండే కాంపులో ఆగి ఉన్న బండెక్కి, స్టీరింగు మీద చెయ్యి వేసి ఫోన్ చేసేవాణ్ణి. "బండి పక్కకు ఆపి మాట్లాడుతున్న" అనేవాణ్ణి. ఆమె బిడ్డను పిలిచి చూపించేది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంటికొచ్చేసి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో బండి తోలమని అడగని మనిషి లేడు. మా బామ్మర్ది పాత కారు కొని, సిరిసిల్ల నుంచి తెచ్చి, తాళంచెవి నా చేతిలో పెట్టి "బావా, గల్ఫ్ డ్రైవర్‌వి, జర చెయ్యి వెట్టు" అన్నాడు. మెడ నరం పట్టింది, డాక్టరు వద్దన్నాడని తప్పించుకున్నాను. ఒక పెళ్ళికి కళ్ళు మసకలు అన్నాను. ఇంకోదానికి మోకాలు. ఊళ్ళో నా అంత రోగిష్టి మనిషి లేడని పేరు పడింది. నా భార్య మాత్రం "పద్దెనిమిదేండ్లు తోలి తోలి అలిసిపోయిండు, ఇగ ఆయన్ని అడగకుండ్రి" అని నా పక్షాన మాట్లాడేది. అది అన్నిటికంటే కష్టంగా ఉండేది.

టిక్కెట్లు మంగళవారానికి దొరికాయి. మంగళవారం బయలుదేరడం మంచిది కాదంటారు, దానికి మావైపు ఒక పద్ధతి ఉంది. ముందే మంచి రోజు చూసి, పోయేవాళ్ళ సంచి ఒకటి ఎదురింట్లో పెట్టిస్తారు. సంచి గడప దాటిందంటే ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఆ తర్వాత ఎప్పుడు బయలుదేరినా దోషం ఉండదు. పోయే ప్రతి మనిషిదీ ఒక వస్తువు ఆ సంచిలో ఉండాలి. గురువారం పొద్దున ఆమె తన చీర ఒకటి, నోటుబుక్కు పెట్టి నావైపు చూసింది.

"నీ లైసెన్సు వెట్టు. మనకు తొవ్వ సూపెట్టేది అదే గద," అంది.

ఎక్కడో పెట్టాను, దొరకడం లేదు అని చేతి గడియారం విప్పి వేశాను. ఆమె సంచి ఎదురింటి వదిన చేతికి ఇచ్చి వచ్చింది. వచ్చీ రాగానే బిడ్డకు ఫోన్ చేసి లైసెన్సు పోయిందట అని చెప్పింది. ఏం ఫరవాలేదు, జగిత్యాల ఆర్టీఏ ఆఫీసుల అడగుండ్రి, బయటి దేశంల తోలడానికి కాయితం ఇస్తరు అంది ఆ పిల్ల. మర్నాడే బస్సెక్కాం. దారి పొడుగునా ఆమె సంతోషంగా ఉంది. పడవ దగ్గర ఫొటో దిగాలి అంది. నేను కిటికీలోంచి మక్కచేన్లు చూస్తూ, ఆఫీసు మూసి ఉంటే బాగుండు అనుకున్నాను.

ఆఫీసు తెరిచే ఉంది. ఎదురుగా జిరాక్స్ దుకాణం, పక్కన టీ బండి. టీ తాగి పోదాం అన్నాను. బల్ల మీద కూర్చున్నాం. గ్లాసు చేతిలోకి వచ్చాక చెప్పాను.

"నేను బండి తోలలే."

"ఇయ్యాల ఎవలు తోలుమన్నరు? కాయితమే గద."

"ఇయ్యాల గాదు. ఎన్నడు తోలలే. లాండ్రీల బట్టలు ఉతికిన. గంతే."

 ఆమెకు వీడియోలో చూసిన బండి గుర్తొచ్చినట్టుంది. "మరి గా బండి?" అంది. మెట్‌పల్లి ఆయనది, నాతోటి గదిల ఉండె అన్నాను. "టీ కొట్టు?" ఆయన తాగిండు అన్నాను. ఆమె తన గ్లాసులో టీ చివరిదాకా తాగి, గ్లాసు బండి మీద పెట్టి, "ఇంటికి పోదాం పా" అంది. కోరుట్ల దాకా పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె భుజం నాకు తగలకుండా కొంగు లాక్కుని కూర్చుంది.

బస్సు దిగి నేరుగా ఎదురింటికి పోయింది. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా సంచి అడిగింది. బయటపెట్టిన సంచి తిరిగి ఇంట్లోకి ఎవరూ తేరు. అది కీడు. వదిన గాబరా పడింది.

"గట్ల మళ్ళ ఇంట్లకు తేవద్దంటరు గదనే. పయనం మొదలైనంక?"

"పయనమే లేనప్పుడు సంచెందుకు వదినా," అని తీసుకుని వచ్చింది. నా గడియారం తీసి కిటికీలో పెట్టింది. తన చీర మడత విప్పి దండెం మీద వేసింది, ఉతకకుండానే.

ఆ సాయంత్రం ఆమె తిడుతుందని చూశాను. తిడితే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణి. ఏ గల్ఫ్ మనిషి ఇంటికి నిజం చెప్పాడు, నీకు దిగులు పెట్టొద్దనే కదా అనడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాను. నాకు కోపం కూడా వచ్చింది, ఒక టీ కొట్టు కోసం ఇంత రాద్ధాంతమా అని. ఆమె చాట ముందర కూర్చుంది కానీ చేతులు ఆడలేదు.

"నేను నీకు అన్ని నిజాలే చెప్పిన," అంది. "ఇంట్ల కూరగాయ లేకుంటె లేదని చెప్పిన. మీ అమ్మతోటి కొట్లాడితె కొట్లాడిన అని చెప్పిన. రెండోసారి కడుపు పోయిననాడు దవాఖానల పండుకోనే నీకు ఫోన్ల చెప్పిన. నువ్వేమన్నవ్ గప్పుడు? గా పగిలిన పడవకాడికి పోయి, దాని మీద కూసోని పొద్దుమీకేదాక ఏడ్సిన అన్నవ్. నేను గా పడవను యాది చేసుకోని బతికిన. యాడ ఏడ్సినవ్ నువ్వు?"

"బట్టలు మడతవెట్టే బల్ల కింద," అన్నాను.

అది నిజం. ఆ రోజు మిషన్ల మోతలో నా ఏడుపు ఎవరికీ వినిపించలేదు. బల్ల కింద తడి దుప్పట్ల కుప్పలో తల దూర్చి ఏడ్చాను. కుప్పలోంచి బట్టలు తెలుపు చేసే మందు వాసన వచ్చేది.

"గదే చెప్తే నాకు సాలకపోతుండెనా?" అంది.

 మర్నాడు పొద్దున ఆమె సిరిసిల్ల పోయింది, తమ్ముడింటికి. బిడ్డ ఫోన్ చేస్తే, అమ్మకు ఒంట్లో బాలేదు, టిక్కెట్లు రద్దు చెయ్యి అని చెప్పాను. చూడండి, అప్పుడు కూడా అబద్ధమే వచ్చింది నోటికి. మళ్ళీ నేనే చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.  "పనికి పోయేటప్పుడు దినాం పడమటి ఒడ్డుకెల్లి పోత బాపూ. మా బాపు తోలిన రోడ్డు అనుకుంట పోత," అని ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది.

ఎనిమిదో రోజు ఆమె తిరిగొచ్చింది. కాళ్ళు కడుక్కుని, నోటుబుక్కు చేతిలోకి తీసుకుని, "మెట్‌పల్లి ఆయన ఇల్లు నీకెరుకేనా?" అని అడిగింది. ఎరుకే అన్నాను. "గీండ్ల రాసిందాంట్ల ఏది ఉన్నది, ఏది లేదు, నాకు తెల్వాలె. తీస్కపో."

ఆయనా తిరిగొచ్చి ఐదేళ్ళు. మేం పోయేసరికి వాకిట్లో పసుపు కొమ్ములు ఆరబోసి, మోకాలికి పట్టీ కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. నన్ను చూసి "తమ్మీ" అని లేవబోయాడు. నా భార్య ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. దండం పెట్టింది. నోటుబుక్కు తెరిచింది.

"అన్నా, పడమటి ఒడ్డుకు టీ కొట్టు నిజంగ ఉండెనా?"

"ఉండకేం చెల్లె. ఆయనకు ఎడమచెయ్యి వాటం. గా చెయ్యితోటే పోసేటోడు, సుక్క కింద పడనిచ్చేటోడు గాదు."

"ఎడమచెయ్యా? గది నాకు చెప్పలే ఈయన." ఆమె రాసుకుంది.

పడవ గురించి అడిగింది. పడవ ఉంది, కానీ పడమట కాదట, తూర్పు ఒడ్డునట. నేను ఎక్కడో తారుమారు చేసి చెప్పానన్నమాట. ఆమె రెండో రోజులో కొట్టేసి నాలుగో రోజులో రాసింది. ఆయనకు ఉత్సాహం వచ్చింది. మోకాలు మర్చిపోయి, పసుపు కొమ్ములు నాలుగు తీసుకుని నేల మీద ఒడ్డు గీశాడు. ఇది వంతెన, ఇది తోట, ఇక్కడ పోలీసులు ఆపుతారు. ఆమె ముందుకు వంగి, ఒక కొమ్ము జరిపి, "గియ్యాడ గద నీళ్ళు వెనకకు పోయేది?" అంది. "అరె, నీకెట్ల ఎరుక?" అని ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఎనిమిది రోజులకు మొదటిసారి.

అప్పుడు నేను ఆమె మొహం చూశాను. కళ్ళు పెద్దవయ్యాయి. కింది పెదవి పళ్ళ కింద పట్టి, అవతలి మనిషి మాట ముగించకముందే తరువాతి ప్రశ్నకు సిద్ధంగా ఉంది. పద్దెనిమిదేళ్ళు ప్రతి శుక్రవారం చాట పక్కన ఆమె ఇట్లాగే విని ఉంటుంది. ఆ మొహం నా కోసమే, నేనెప్పుడూ చూడలేదు, ఇప్పుడు చూస్తే ఆయనవైపు తిరిగి ఉంది. అసూయ అనలేను. ఆయన చూసినవి ఆయన చెబుతున్నాడు. 

ఆయన భార్య టీ తెచ్చి, గుమ్మంలో నిలబడి కాసేపు వింది. "మాకైతే గీ ముచ్చట ఒక్కటి చెప్పలే ఎన్నడు. ఫోన్ చేస్తె పొలం పారిందా అనేటోడు, గంతే," అని ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. ఆయన నవ్వు ఆగిపోయింది. మా ఇద్దరికీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం చేతకాలేదు.

తిరిగి బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నోటుబుక్కు ఒళ్ళో ఉంది. ఇప్పుడు అందులో అన్నీ సరిగ్గా ఉన్నాయి, పడవతో సహా. నేను ధైర్యం చేశాను.

"ఇంక ఆలిశెం కాలే. బిడ్డ మళ్ళ తీస్తది టిక్కెట్లు. అల్లుడు తోల్తడు. పోయొద్దాం."

"నాకు సముద్రం సూడాల్నని లేకుండె," అంది. "నువ్వు జూసినకాడ నిలవడాల్నని ఉండె."

కండక్టర్ వచ్చి టిక్కెట్లు కొట్టి పోయాడు. నేను ఇంకా వదల్లేదు. లాండ్రీ అక్కడే ఉంటుంది, అది చూపిస్తాను, నేను పనిచేసిన జాగా నిజంగా నీకు చూపిస్తాను అన్నాను. ఆమె నావైపు తిరిగింది. కోపం లేదు.

"గా రోడ్డు నాకు ఎరుకే. గీ లాండ్రీ ఏందో తెల్వది. తెల్వని జాగల ఏం జూద్దును?" అని, మళ్ళీ తనే, "సరే, చెప్పు. కోరుట్ల వచ్చేదాక చెప్పు. ఎట్లుండె?" అంది.

నోటుబుక్కు మూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను నోరు తెరిచాను. పద్దెనిమిదేళ్ళు నిలబడిన చోటు. మొదట ఏది చెప్పాలి? గోడ ఏ రంగు? పక్కన నిలబడి మడతపెట్టినవాడు ఏ దేశంవాడు? పొద్దున మెట్లు దిగేటప్పుడు ఏం అనుకునేవాణ్ణి? ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఇంకొకరి సముద్రం గురించి గంటలు గంటలు మాట్లాడినవాణ్ణి, నా సంగతి ఒక్క ముక్క కదలలేదు.

"మస్తు ఉడుక ఉండె," అన్నాను.

ఆమె తలూపింది. ఇంకా చెబుతానని కోరుట్ల వచ్చేదాకా నా మొహం వైపే చూస్తూ కూర్చుంది.